ఆరో మేక ఎందుకు చచ్చింది?

పదకొండు ఉత్తరాలు రాశాను. నాలుగు తెల్లకాగితాల మీద, మూడు కార్డుల మీద, రెండు సమాచార హక్కు కింద. మిగిలిన రెండూ నేనే బస్సెక్కి వెళ్లి చేతికిచ్చి వచ్చాను. జవాబులు రాలేదని అనను. వచ్చాయి. "మీ లేఖ అందినది" అని ఒకటి. "సంబంధిత విభాగమునకు పంపబడినది" అని ఒకటి. "ఈ విషయము మా పరిధిలోనిది కాదు" అని మూడు. నేను అడిగిన ప్రశ్నకు మాత్రం ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

నా పదవీ విరమణ రోజున శాలువా కప్పి, ఒక పెద్దమనిషి మైకులో నన్ను "మన మేకల సారు" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు ముందు వరుసలో కూర్చుని నవ్వారో నాకు గుర్తుంది. పేర్లు రాయను. వాళ్లకు తెలుసు.

కొత్తగా పశువైద్య సహాయకులుగా చేరిన పిల్లలు చదువుతారన్న ఆశతో ఇది రాస్తున్నాను. పెద్దవాళ్లు చదవరని నాకు అనుభవమే.

జిల్లాలు విడగొట్టడానికి ముందు ఏడాది సంగతి. నల్లగొండ మెట్టప్రాంతంలో ఒక పశువైద్య ఉపకేంద్రం నాది. ఒక గది, ఒక బీరువా, కరెంటు ఉన్నప్పుడు మాత్రమే చల్లగా ఉండే ఒక ఫ్రిజ్. నాతోపాటు ఒక అటెండరు. నాకంటే వయసులో పెద్దవాడు, మాటలో ఇంకా పెద్దవాడు. పై డాక్టరు మూడు మండలాలకు ఒక్కడే. కుర్రవాడు, చురుకైనవాడు, ఎప్పుడూ హడావుడిలో ఉండేవాడు. ఊళ్లలో నన్ను కూడా డాక్టరు సారూ అనే పిలిచేవాళ్లు. ఆయన ఎదుట ఎవరైనా అలా పిలిస్తే ఆయన ముఖం ముడుచుకునేది.

నా పరిధిలో ఒక చేనేత ఊరు ఉంది. మగ్గాలు తగ్గుతూ వచ్చిన ఊరు. అక్కడ ఒక ఇంట్లో భార్యాభర్తలు మూడు మగ్గాల్లో రెండు తీసేసి, ఆ జాగాలో మేకలు కట్టేశారు. మేకలు వాళ్లకు కొత్త. తాతల నుంచి మేకలు కాసినవాళ్లకు కొన్ని సంగతులు ఎవరూ చెప్పక్కర్లేదు. వీళ్లకు ప్రతిదీ చెప్పాలి. మగ్గం గుంట పక్కన నేల చెమ్మగా ఉంటుంది, మేకపిల్లలకు దగ్గు పడుతుంది, మట్టి పోసి ఎత్తు చేయండి అన్నాను. చేశారు. అంగట్లో కొన్న మేకను మూడు వారాలు వేరుగా కట్టేయండి అన్నాను. కట్టేశారు. ఆమె నన్ను తమ్మీ అనేది, నేను అక్కా అనేవాణ్ని. చెప్పిన మాట వినే మనుషులు దొరికితే నాబోటివాడికి ఎంత సంతోషమో ఈ ఉద్యోగం చేసినవాళ్లకే తెలుస్తుంది. రెండేళ్లలో మంద ఇరవై మూడుకు పెరిగింది. వాళ్ల చేతిలో ఉన్నది ఆ మందే. మూడో మగ్గం కూడా ఆగిపోతే ఇల్లు గడవాల్సింది దాని మీదే.

వానాకాలం ముందు మేకలకు చిటుక రోగం టీకా వేయాలి. పదిహేను రోజుల ఎడంతో రెండుసార్లు. ఆ రోగం పేరులోనే ఉంది, చిటికె వేసినంతలో ప్రాణం పోతుంది. సాయంత్రం గంతులేసిన పిల్ల తెల్లారేసరికి బిగుసుకుని ఉంటుంది. బక్కదాన్ని వదిలి బాగా తిని బలిసిన దాన్నే పట్టుకుంటుంది. పేగులో ఎప్పుడూ ఉండే క్రిమే, ఒక్కసారిగా బలమైన తిండి పడితే పెరిగి విషం కక్కుతుంది. ఆ టీకా కోసం వేసవి మొదట్లో ఒక ఉత్తరం, నడుమ ఒకటి, చివర ఒకటి రాశాను. వేలాడదీసే కాటా కొక్కెం విరిగింది, కొత్తది పంపండి అని కూడా ఆ మూడింట్లోనూ రాశాను. వాన వచ్చింది. టీకా రాలేదు. కాటా రాలేదు. కడుపులో పురుగులు పోవడానికి తాగించే నట్టల మందు వచ్చింది.

ఆ మందు అంతకుముందు మేం వాడినది కాదు. బరువును బట్టి కొలిచి పోయాలి, మించకూడదు అని సీసా మీద ఎర్ర అక్షరాలతో ఉంది. అటెండరుకు చూపించాను.

"కాటా లేకుంటేంది సారూ? ముప్పై ఏండ్ల సంది చూస్తున్న కండ్లు. గివే కాటాలు" అన్నాడు.

నేను ఒప్పుకున్నాను. ఇది నా తప్పు. దీన్ని నా సంజాయిషీలో కూడా రాశాను. నేను తప్పు రాసుకున్న ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం పైవాళ్లు జాగ్రత్తగా చదివారు.

ఆ రోజు పొద్దున్నే చేనేత ఊరికి వెళ్లాం. వీధిలో పడుగు నూలు సాగదీసి గంజి పట్టిస్తున్నారు. బియ్యప్పిండి ఉడికించి కాసిన చిక్కటి గంజిని కుంచెలతో నూలుకు పట్టించి ఎండబెట్టాలి, అప్పుడే దారం మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. ఆకాశం మబ్బుగా ఉంది. అక్క మొగుడు కుంచె పట్టుకుని మొగులు వంకే చూస్తున్నాడు. మేం దొడ్లోకి వెళ్లి మేకల్ని ఒక్కొక్కటే పట్టుకుని, నేను బరువు చెబుతుంటే అటెండరు మందు నింపుతూ, ఇరవై మూడింటికీ పోశాం. గోధుమరంగు ముసలి మేక ఒకటి ఉంది. కడుపు పెద్దగా ఉంది. చూడిది అనుకున్నాను. పెద్ద బరువు చెప్పాను. మేం బయటికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. వీధిలోవాళ్లు పడుగు చుట్టేస్తున్నారు. ఆ గంజి ఏమైందని నేను ఆలోచించలేదు. ఎందుకు ఆలోచిస్తాను? నేను వచ్చింది మేకల కోసం.

మరునాడు పొద్దున ఏడింటికి ఫోను వచ్చింది. అక్క మొగుడు.

"నువ్వు మందు పోసిన మేకలు సచ్చినయ్ సారూ" అన్నాడు. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం ఊపిరి ఆడేది.

ఎన్ని అని అడగకుండానే బండి తీశాను. బండి మీద వెళుతున్న ఆ ఏడు కిలోమీటర్లూ లెక్కలు వేస్తూనే ఉన్నాను. ముందు రోజు నాలుగు ఊళ్లలో మందు పోశాను. మందే తప్పయితే నాలుగు ఊళ్లలోనూ చస్తూ ఉండాలి.

దొడ్డి ముందు ఐదు మేకపిల్లల్ని వరసగా పడుకోబెట్టారు. మందలో మంచి పిల్లలు అవే. నిగనిగలాడే వెంట్రుకలు. ఊరు ఊరంతా నిలబడి ఉంది. నడుమ ఒక పెద్దాయన, "గవర్నమెంటోని మందు మనుషులకే పనిజెయ్యదు, మ్యాకలకు జేస్తదా?" అన్నాడు. కొందరు నవ్వారు. ఆ పెద్దాయన ఆవుకు ఈత కష్టమైతే అర్ధరోజు దొడ్లో కూర్చున్నవాణ్ని నేనే. అది కూడా నాకు గుర్తుంది.

చచ్చిన పశువును కోసి చూసే అధికారం మా పోస్టుకు లేదు, డాక్టరు రావాలి. ఫోను చేస్తే మధ్యాహ్నం దాటాక వస్తానన్నాడు. వానాకాలపు ఉక్కలో అప్పటికి లోపలిదంతా కుళ్లిపోతుంది. బతికి ఉన్న పద్దెనిమిదింటికి ఏం చేయాలో తెలియాలంటే చచ్చినవి ఎందుకు చచ్చాయో ముందు తెలియాలి. కోశాను.

చిన్నపేగు ఎర్రగా, నెత్తురు పూసినట్టు ఉంది. గుండె చుట్టూ నీరు. మూత్రపిండం వేలితో నొక్కితే మెత్తగా నలిగిపోయింది. ముప్పై ఏళ్లుగా పుస్తకంలో చదివింది కళ్లముందు ఉంది. చిటుక రోగం. తర్వాత కడుపు తెరిచాను. ఆకు లేదు, గడ్డి లేదు. తెల్లగా, జిగటగా, కడుపు నిండా గంజి.

తలెత్తి చూశాను. అక్క గుంజను పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చూపు నా చేతి మీద, ఆ తెల్లటి ముద్ద మీద ఉంది. నీళ్లు కావాలని అడుగుతూ ఆమె వెనక లోపలికి నడిచాను.

"ఎంత పెట్టినవక్కా?" అన్నాను.

"వాన వడ్డది. గోలెం నిండ గంజి మిగిలింది. అన్నం అసొంటిది తమ్మీ, మోరీల పారబోస్తమా? మంచిగ పెరుగుతున్నయని గా ఐదు పిల్లలకే పెట్టిన. కడుపునిండ తాగినయ్." కొంచెం ఆగి మళ్లీ అంది. "గాయనకు చెప్పకు. ఆయన వద్దంటనే ఉండు మేకల యాపారం. నేనే పట్టువట్టి కొనిపిచ్చిన."

మిగిలినవాటికి పెట్టావా అని అడిగాను. ఒక్కదానికీ పెట్టలేదంది. బిడ్డ మీద ఒట్టేసింది.

బయటికి వచ్చి చిటుక రోగమని, మందు వల్ల కాదని చెప్పాను. గంజి మాట ఎత్తలేదు. ఎవరూ నమ్మలేదు. నమ్మడానికి వాళ్లకు నేను కారణం చెప్పలేదు కదా. ఒక ఆడమనిషి ఇంట్లో తలెత్తుకుని తిరగడం కోసం నేను ఊళ్లో తలదించుకున్నాను. పరీక్షశాల కాగితం వస్తుంది, అదే నా తరఫున మాట్లాడుతుంది అనుకున్నాను. కాగితం మీద నాకు అప్పటికి అంత నమ్మకం.

ఇక మిగిలింది పద్దెనిమిది. నా మనసులో ఒకటే లెక్క. ఇరవై మూడింటికీ మందు పడింది. గంజి ఐదింటికే పడింది. ఐదే చచ్చాయి. సాయంత్రం దాకా ఇంకేదీ చావకపోతే తప్పు గంజిది. గంజి తాగనిది ఒక్కటి చచ్చినా తప్పు నాది.

ఆ రోజు ఎంత పొడుగో చెప్పలేను. పద్దెనిమిదింటికీ ఎండుగడ్డి తప్ప ఏమీ వేయనివ్వలేదు. వంటసోడా నీళ్లలో కలిపి తాగించాం. ఏ మేకైనా తల వాల్చితే దగ్గరికి పరిగెత్తేవాణ్ని. పడుకుంటే లేపేవాణ్ని, లేస్తే పడుతుందేమోనని చూసేవాణ్ని. అటెండరు మెల్లగా నా పక్కకు వచ్చి, "సారూ, ఆ మేకల కంటే నువ్వే ఎక్కువ దమ్ము తీస్తున్నవ్. జర కూసో" అన్నాడు. కూర్చోలేదు.

రెండు గంటలకు డాక్టరు వచ్చాడు. కోసిన కళేబరాలు చూశాడు. రోగం గురించి ఒక్క ప్రశ్న వేయలేదు.

"ఎవరు కోయమన్నరు నిన్ను? కాంపౌండరువి, కాంపౌండరు లెక్కుండు" అన్నాడు, అందరి ముందూ.

మా పోస్టు పేరు కాంపౌండరు కాదు. అది పోయి ఎంతో కాలమైంది. టీకా కోసం రాసిన మూడు ఉత్తరాల నకళ్లు జేబులోంచి తీసి ఇవ్వబోయాను. చేయి చాపలేదు. ఇక దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి, పది నిమిషాల్లో ఇంకో ఊరికి వెళ్లిపోయాడు. ఆయనకు ఆ రోజు ఇంకా మూడు చోట్ల పని ఉందని తర్వాత తెలిసింది. అది ఆయన తప్పు కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను. చేయి చాపకపోవడం మాత్రం ఆయన తప్పే.

పొద్దు వాలుతుండగా గోధుమరంగు ముసలి మేక ముందుకాళ్ల మీద కూలబడింది. లేపాను. మళ్లీ కూలబడింది. పళ్లు కొరికింది, కాళ్లు తన్నుకుంది, పావుగంటలో అయిపోయింది. అక్క గుంజ దగ్గరే నిలబడి చూస్తోంది. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె లేదని తల అడ్డంగా ఊపింది. దీనికి పెట్టలేదని.

దాన్ని ఎత్తి పక్కకు జరపబోయాను. తేలికగా వచ్చేసింది. నిన్న చెప్పిన బరువు నా చేతులకు తెలుసు. ఈ బరువు అది కాదు. ముట్టుకోవద్దన్న ఆజ్ఞ గుర్తుంది. అయినా కత్తి తీశాను. కడుపులో పిల్ల లేదు. చూడిదే కాదు. నట్టలతో ఉబ్బిన పొట్ట, లోపల ఎముకలు. కంటి కాటా నన్ను అంత మోసం చేసింది. పేగు ఎర్రగానే ఉంది, కానీ పొద్దుటి వాటంత కాదు. కడుపులో వేపాకు, కొంత తెల్లటి తడి. గంజి కావచ్చు. కాకపోవచ్చు. గోలెం నాకి ఉండవచ్చు. ఆ మసక వెలుతురులో ఎంతసేపు చూసినా నాకు తెలియలేదు.

ఐదింటి పేగు ద్రవం ఒక సీసాలో, ఆరోదానిది వేరే సీసాలో పట్టాను. సోడా కొట్టు నుంచి మంచుగడ్డ తెచ్చి, అటెండరు ఇంటి ఫ్లాస్కులో పెట్టి, మర్నాడు తొలి బస్సుకు ఆయన్ను జిల్లా పరీక్షశాలకు పంపాను. ఆ ఫ్లాస్కులో వాళ్లావిడ మళ్లీ చాయ పోయలేదట, దానికి కూడా నన్నే అనేవాడు. రెండు సీసాలు అందినట్టు ముద్ర వేసిన చీటీ తెచ్చాడు. ఒకటో నెంబరు, రెండో నెంబరు. చీటీ నా దగ్గర ఉంది.

మిగిలిన పదిహేడూ బతికాయి.

రెండు నెలలకు ఒకటో సీసా ఫలితం వచ్చింది. చిటుక రోగపు విషం ఉంది. రెండో సీసా మాట ఆ కాగితంలో లేదు. అడిగితే వస్తుందన్నారు. ఈలోగా నాకు మెమో వచ్చింది. అధికారం లేకుండా కోయడం ఒకటి, తూకం వేయకుండా మందు పోయడం రెండు, ముందుగా టీకా వేయకపోవడం మూడు. మూడోది చదివి నాకు నవ్వొచ్చింది. సంజాయిషీకి పిలిచిన గదిలో నాలుగు ఖాళీ కుర్చీలు ఉన్నాయి. అరగంట నిలబెట్టారు. ఐదు మేకలది రోగమని తేలింది కదా అన్నాను. "మరి ఆరోది?" అన్నారు. రెండో సీసా ఫలితం తెప్పించండి అన్నాను. "ఒక్క మేక కోసం ఇంత లొల్లి ఎందుకయ్యా" అన్నారు. మెమోకు ఆ ఒక్క మేక పనికొచ్చింది, జవాబుకు పనికి రాలేదు.

తర్వాత జిల్లాలు విడిపోయాయి. మా ఊళ్లు కొత్త జిల్లాకు పోయాయి, పరీక్షశాల పాత జిల్లాలో ఉండిపోయింది. పాత జిల్లావాళ్లు ఫైలు కొత్త జిల్లాకు పంపామన్నారు. కొత్తవాళ్లు తమకు వచ్చిన ఫైళ్లలో లేదన్నారు. నాకు రావాల్సిన పదోన్నతి నా తర్వాతివాడికి వెళ్లింది. అతను మంచివాడే. నేను అతని కూతురి పెళ్లికి వెళ్లలేదు.

మెమో సంగతి అక్కకు అటెండరు చెప్పాడు. నేను చెప్పొద్దన్నాను, ఆయన నోరు ఎన్నడు ఊరుకుంది? ఆ సాయంత్రమే ఆమె మొగుడికి గంజి మాట చెప్పేసింది. ఆయన మగ్గం ఆపి లేచాడట. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. "చిన్నప్పటి సంది నూలుకు గంజి వట్టిస్తున్న. ఒక్క పోగు సావలే" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. భార్యను కూడా అనలేదని తర్వాత తెలిసింది. నేను అంత భయపడి దాచిన మాట అది. మనుషుల విషయంలో కూడా నా కంటి కాటా సరైనది కాదు.

పిల్లలూ, మీకు నేను చెప్పేది పెద్దగా లేదు. మందు సీసా మూత తీసే ముందు నిన్న వీటికి ఏం పెట్టారని అడగండి. మేకలు కాసే ఇంట్లో ఒక రకంగా, అన్నం పారబోయడం పాపమనుకునే ఇంట్లో ఇంకోరకంగా అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి. పెళ్లి విందు మిగిలినా, గంజి మిగిలినా, తొలకరికి లేతగడ్డి మొలిచినా ఒక్కసారిగా కడుపునిండా పెట్టనివ్వకండి. టీకా రాకపోతే ఉత్తరం రాయండి, నకలు దాచుకోండి. కాటా లేకపోతే కిరాణా కొట్టు కాటా అడుక్కుని తెచ్చుకోండి. సిగ్గుపడకండి. నేను సిగ్గుపడ్డాను.

మొన్న చలికాలంలో ఆ ఊరు వెళ్లాను. మంద ఇప్పుడు నలభై దాటింది. దొడ్డి గోడకు కొత్త కాటా వేలాడుతోంది. అక్క మంచినీళ్లిచ్చి, కూర్చోకముందే అడిగింది, ఎప్పుడు వెళ్లినా అడిగే మాటే.

"రెండో సీస కాయిదం ఒచ్చిందా తమ్మీ?"

రాలేదన్నాను. ఇదంతా రాయాలనుకుంటున్నాను, గంజి మాట కూడా రాయాల్సి వస్తుంది, వద్దంటే మానేస్తానని చెప్పాను.

"రాయి. నేను దానికి పెట్టలే. గోలెం ఉత్తగ వదిలిపెట్టిననా, మూత పెట్టిననా, గదే యాదికొస్తలేదు. పండుకుంటే గా గోలెమే కండ్లల్ల తిరుగుతది" అంది.

నా కళ్లలో తిరిగేది ఆ ముసలి మేక బరువు.

అందుకే పన్నెండోసారి, ఈసారి అందరి ముందు అడుగుతున్నాను. ఆ పరీక్షశాలలో అప్పుడు పనిచేసినవాళ్లు, ఆ ఫైలు మోసినవాళ్లు, కట్ట విప్పినవాళ్లు ఎవరో ఒకరు బతికే ఉన్నారు. నాకు పదోన్నతి అక్కర్లేదు, ఆ వయసు దాటిపోయింది. మెమో రద్దు చేయమని కూడా అడగను. రెండో నెంబరు సీసాలో విషం ఉందా, లేదా? ఉంటే ఆ గోలెం మీద మూత లేనట్టు. లేకుంటే నేను బరువు తప్పు చెప్పి దాన్ని చంపినట్టు. సీసా దారిలో పగిలి ఉంటే పగిలిందని, మీరు మూతే తీయలేదంటే తీయలేదని రాయండి. మా ఇద్దరిలో ఎవరో ఒకరి మీద తప్పు పడుతుంది. పడనివ్వండి, ఇద్దరం సిద్ధంగానే ఉన్నాం. ఒక్క వాక్యం చాలు. కింద సంతకం పెట్టండి.